ఏడు రోజుల పాలు

పాలు తోడుకోకపోతే ఇంట్లో ముందుగా మాట పడేది తోడుమజ్జిగ. ఆ తర్వాత చలికాలం. మరీ కోపమొస్తే పాలవాడు. ‘నీళ్లు కలిపి ఉంటాడు’ అనుకుని ఊరుకుంటారు. పెరుగు తోడుకోకపోవడానికి కారణాలు చాలానే ఉండొచ్చు. అయితే వాటిలో ఒకటి వంటింట్లో దొరికేది కాదు. అది ఎక్కడో ఓ పల్లెలో, గేదెల పాకలో ఉంటుంది. పొదుగువాపు వచ్చిన గేదెకు ముందురోజు సాయంత్రం యాంటీబయాటిక్ సూది వేయించారు. ఆ మందు పాలలోకి దిగింది. పాలను పెరుగు చేసే సూక్ష్మజీవులను అది ఎదగనివ్వదు. రోగాన్ని ఆపడానికి వేసిన మందు తోడునీ ఆపేసింది!

పెరుగు తోడుకోకపోవడం చిన్న నష్టమే. అసలు సంగతి వేరే ఉంది. ఆ పాలు ఎవరో పసిబిడ్డ సీసాలోకి వెళ్లాయి. ఎవరో ముసలాయన కాఫీలోకి వెళ్లాయి. పెన్సిలిన్ పడని మనిషి గ్లాసులోకి కూడా వెళ్లి ఉండొచ్చు. కాచినంత మాత్రాన ఆ మందు పూర్తిగా పోదు. రోజూ కొంచెం కొంచెంగా ఇలాంటి మందులు ఒంట్లో చేరుతుంటే సూక్ష్మజీవులు వాటికి అలవాటు పడిపోతాయి. చివరికి నిజంగా జబ్బు చేసిన రోజున అదే మందు పనిచేయకుండా పోయే ప్రమాదం ఉంది.

మరి ఆ గేదెకు మందు వేసిన సంగతి ఎంతమందికి తెలుసు? సూది వేసిన మనిషికి తెలుసు. గేదెను పెంచుకుంటున్న ఇంటివాళ్లకు తెలుసు. పొద్దున్నే క్యాను బండికి తగిలించుకుని పాలకేంద్రానికి వెళ్లిన ఇంటర్ కుర్రాడికో, డిగ్రీ చదివే అమ్మాయికో తెలుసు. అంతే. పాలకేంద్రంలో చూసేది వెన్న శాతం, వెన్న కాని ఘనపదార్థాల శాతం. చేతికొచ్చే చీటీ మీద ఆ రెండు అంకెలు, లీటర్లు, డబ్బులు ఉంటాయి. మందు సంగతి ఆ చీటీ చెప్పదు. పెద్ద డెయిరీల్లో మందు అవశేషాలకు పరీక్షలు ఉన్నాయి. కానీ ఊరూరా, పూటపూటా, ప్రతి క్యానుకూ ఆ పరీక్ష చేయడం అయ్యే పని కాదు. అంటే పాల నాణ్యతను కాపాడేది యంత్రం కాదు. ‘ఇవాళ మా గేదె పాలు పోయడం లేదండీ’ అని ఇంట్లోవాళ్లు చెప్పే మాటే.

ఆ మాట చెప్పడం ఎవరు నేర్పాలి? ఎప్పుడు నేర్పాలి?

కథలో చెంబు, కేంద్రంలో క్యాను

రాజుగారు ఊరందరినీ తలో చెంబెడు పాలు తెచ్చి తొట్టిలో పోయమన్న కథ చిన్నప్పుడు అందరూ విన్నదే. ‘అందరూ పాలే పోస్తారుగా, నా ఒక్కడి చెంబు నీళ్లు ఎవరికి తెలుస్తాయి’ అని ప్రతి ఒక్కడూ నీళ్లు పోశాడు. తెల్లారి చూస్తే తొట్టినిండా నీళ్లే!

ఇప్పుడు ఊళ్లలో ఆ తొట్టి పేరు బల్క్ కూలర్. పదుల ఇళ్ల పాలు అందులో కలుస్తాయి. అయితే కథకూ దీనికీ ఒక తేడా ఉంది. కథలో ఒక్కడు తప్పు చేసి ఉంటే ఏమీ అయ్యేది కాదు. తొట్టి చెడాలంటే అందరూ తప్పు చేయాల్సి వచ్చింది. కూలర్‌లో అలా కాదు. మందు దిగిన పాలు ఒక్క క్యాను చేరినా మిగతావాళ్ల కష్టంలోనూ ఆ మందు కలుస్తుంది. కూలర్ పాలను చల్లబరుస్తుందే గానీ మందును తీసేయలేదు.

ఇదేదో లోకమంతా విషమైపోయిందన్నట్టు భయపడాల్సిన పని లేదు. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో దేశవ్యాప్తంగా 6,432 పాల నమూనాలు పరీక్షించింది. 12 నమూనాల్లో మాత్రమే ఆరోగ్యానికి హాని చేసే కల్తీ కనిపించింది. ఆ 12లో 9 తెలంగాణవే అన్నది మాత్రం మనం గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. యాంటీబయాటిక్ అవశేషాలు పరిమితికి మించి ఉన్నవి 77. బూజు పట్టిన మేత, దాణాల నుంచి వచ్చే అఫ్లటాక్సిన్ అనే విషపదార్థం పరిమితి దాటినవి 368.

ఈ మూడు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం తేటపడుతుంది. మనం ఎప్పుడూ భయపడేది యూరియా, సబ్బునురగ కలిపే దొంగల గురించి. అసలు ఎక్కువగా కనిపించింది దొంగతనం వల్ల వచ్చిన లోపం కాదు, తెలియకపోవడం వల్లో, అశ్రద్ధ వల్లో వచ్చినది. దొంగను పోలీసులు పట్టుకుంటారు. తెలియనితనాన్ని పట్టుకోవాల్సింది బడి.

ఒహాయో నేర్చుకున్న పాఠం

ఈ బడి సంగతిలో అమెరికాలోని ఒహాయో రాష్ట్రానిది చెప్పుకోదగ్గ అనుభవం. 1902లో అక్కడి క్లార్క్ కౌంటీలో ఎ.బి.గ్రాహం అనే బడుల పర్యవేక్షకుడు పల్లె పిల్లలతో ఓ సంఘం పెట్టారు. పంటలు, పశువులు, ఇంటిపనులు చేస్తూ నేర్చుకోవాలన్నది ఆలోచన. అదే తర్వాత ‘ఫోర్-హెచ్’ ఉద్యమంగా దేశమంతా పాకింది. తల, గుండె, చేతులు, ఆరోగ్యం... ఇంగ్లీషులో ఈ నాలుగు మాటలూ ‘హెచ్’తోనే మొదలవుతాయి. నాలుగు రేకుల పచ్చటి ఆకు దాని గుర్తు.

ఈ సంఘాల్లో పిల్లలు ఓ దూడనో, గొర్రెపిల్లనో, పందిపిల్లనో తెచ్చుకుని నెలల తరబడి పెంచుతారు. మేత, తూకం, ఖర్చు అన్నీ రాసుకుంటారు. తర్వాత జిల్లా సంతలాంటి ప్రదర్శనకు తీసుకెళతారు. మంచి పశువుకు బహుమతి, వేలంలో మంచి ధర. ఆ డబ్బును పిల్లలు పై చదువులకు దాచుకోవడం మామూలే.

బహుమతి ఉన్నచోట ఆశ ఉంటుంది. 1994లో ఒహాయో రాష్ట్ర ప్రదర్శనలో గెలిచిన పశువుల్లో కొన్నింటికి నిషేధిత మందులు వాడినట్టు తేలింది. కండ బాగా కనిపించడానికి వాడే క్లెన్‌బ్యుటరాల్ అందులో ఒకటి. ఆ మాంసం తిన్న మనిషికి గుండెదడ, వణుకు రావచ్చు. బహుమతులు రద్దయ్యాయి, దేశమంతా గొడవయింది. ఇలాంటి పనులు పిల్లలు సొంతబుద్ధితో చేసేవి కావని ఎవరికైనా తెలుస్తుంది. గెలుపు పిచ్చి పట్టింది ఇంట్లోని పెద్దలకే.

ఆ తర్వాత ఒహాయో నిబంధనలు బిగించింది. పశువుకు ఏ మందు వాడారో, దాని గడువు ముగిసిందో లేదో రాసిచ్చే పత్రం వచ్చింది. ప్రదర్శనకు వచ్చే పిల్లలు నాణ్యత శిక్షణ పొంది ఉండాలన్న నియమం వచ్చింది. ఇప్పుడు దేశంలోని చాలా రాష్ట్రాల్లో ‘యూత్ ఫర్ ది క్వాలిటీ కేర్ ఆఫ్ యానిమల్స్’ పేరుతో ఓ పాఠ్యక్రమం నడుస్తోంది. 8 నుంచి 21 ఏళ్ల వారికి, వయసును బట్టి వేర్వేరు పాఠాలు. ఏటా మళ్లీ నేర్చుకోవాల్సిందే. పాఠాలు మూడే మూడు విషయాల చుట్టూ తిరుగుతాయి: తినేవాడి క్షేమం, పశువు క్షేమం, పెంచేవాడి నడవడిక.

ఎనిమిదేళ్ల పిల్లకు మందు సీసా మీది చీటీ చదవడం నేర్పడం ఎందుకని అనిపించవచ్చు. మొక్కై వంగనిది మానై వంగునా అని మనవాళ్లు అన్నది ఇందుకే కదా! సూదిమందు, గడువు, రాతపుస్తకం... ఇవి చిన్నప్పుడే అలవాటైతే పెద్దయ్యాక నస అనిపించవు. పాలు పితికే ముందు చేతులు కడుక్కున్నంత మామూలు పనైపోతాయి.

అక్కడ పెద్దల మీద ఒత్తిడి కూడా గట్టిగానే ఉంది. డెయిరీకి వచ్చే ప్రతి ట్యాంకరు పాలనూ పెన్సిలిన్ జాతి మందులకు పరీక్షిస్తారు. దొరికితే ట్యాంకరు మొత్తం పారబోయాల్సిందే. నష్టం ఆ పాలు పంపిన రైతు మీద పడుతుంది. పాఠం ఒకవైపు, పరీక్ష మరోవైపు. రెండూ ఉంటేనే బండి నడుస్తుంది.

సీసా మీది చీటీ

మన దగ్గర చట్టం లేదా అంటే ఉంది. ఆహారం కోసం పెంచే పశువులకు వాడే మందు సీసా మీద, మందు ఆపిన తర్వాత ఎన్ని రోజులు పాలు, గుడ్లు, మాంసం వాడకూడదో రాసి ఉండాలని 2012లో మందుల నిబంధనల్లో చేర్చారు. పరీక్షలు చేసి ఆ గడువు తేల్చని మందులకు పాలు, గుడ్ల విషయంలో కనీసం 7 రోజులు, మాంసం విషయంలో కనీసం 28 రోజులు ఆగాలి.

ఈ ‘ఏడు రోజులు’ అన్న మాట పాడి ఉన్న ప్రతి ఇంట్లో వినపడాలి. కానీ సీసా మీద చీమతలకాయంత అక్షరాలు... అవీ ఇంగ్లీషులో. ఊళ్లో సూది వేసే మనిషి మందు ఎక్కించి సీసా జేబులో పెట్టుకుని వెళ్లిపోతాడు. ఇంటివాళ్లు అడిగేది ఒకటే ప్రశ్న, ‘ఎంతయింది?’ అని. అడగాల్సిన రెండో ప్రశ్న, ‘ఎన్ని రోజులు పాలు పోయకూడదు?’

ఇంకో పొరపాటూ ఉంది. పొదుగువాపు ఒక్క చన్నుకే వస్తే, మందు ఆ చన్నులోకే ఎక్కిస్తారు. ‘ఆ చన్ను పాలు పారబోసి మిగతా మూడింటివీ పోస్తే సరిపోదా?’ అనుకుంటారు. సరిపోదు. మందు రక్తంలో కలుస్తుంది, రక్తం నుంచి మిగతా చన్నుల పాలలోకీ చేరుతుంది. నాలుగు చన్నుల పాలూ ఆపాల్సిందే. దూడకు తాగించినా మంచిది కాదు.

పాలు పారబోసేదెవరు?

ఇక్కడే అసలు చిక్కు. చెప్పడం తేలికే. గేదె రోజుకు 6 లీటర్లు ఇస్తుందనుకుందాం. 7 రోజులకు 42 లీటర్లు. లీటరుకు 50 రూపాయలు వేసుకున్నా 2,100 రూపాయలు. వైద్యం ఖర్చు దీనికి అదనం. రెండు గేదెల మీద బతికే ఇంట్లో అది పిల్లల ఫీజు డబ్బు, సంఘం అప్పు వాయిదా, ఆ వారం సంతఖర్చు. దాన్ని మట్టిలో పోయమని చెప్పేవాళ్లు ఎవరి గిన్నెలోంచి చెబుతున్నారో ఒకసారి ఆలోచించుకోవాలి.

అందుకే పిల్లలకు ‘అబద్ధం ఆడరాదు’ అన్న నీతిపాఠం ఒక్కటే చెబితే చాలదు. ఇంటికొచ్చేసరికి నీతి ఒకవైపు, అమ్మ ముఖం మరోవైపు ఉంటాయి. ఆ పిల్లాడికి నిజంగా పనికొచ్చేది, మందు అవసరమే రాకుండా చూసుకునే విద్య. ఏడు రోజుల పాలు పారబోయడం కష్టం కాబట్టే, పొదుగువాపు రాకుండా ఏడాది పొడవునా పడే శ్రమ చవక.

పొదుగువాపు చాలావరకు చేతుల నుంచి, నేల నుంచి, పితికే పద్ధతి నుంచి వస్తుంది. పితికే ముందు చేతులు కడుక్కోవాలి. పొదుగు కడిగి పొడిగుడ్డతో తుడవాలి. తడి పొదుగు పితికితే ఆ నీటిబొట్లతోపాటే మురికి గిన్నెలో పడుతుంది. మొదటి రెండు మూడు ధారలు నల్లటి గిన్నెలోకో, నల్లగుడ్డ కట్టిన గిన్నెలోకో పితికి చూడాలి. విరిగిన తునకలు, నీళ్లలాంటి పాలు, రక్తపు చారలు కనిపిస్తే అప్పుడే తెలిసిపోతుంది. జబ్బు అనుమానం ఉన్న పశువును అన్నిటికంటే ఆఖర్న పితకాలి. బొటనవేలు మడిచి పితికే అలవాటు చన్నుకు గాయం చేస్తుంది, పిడికిలి నిండా పట్టి పితకాలి.

పితికిన వెంటనే చన్ను రంధ్రం మూసుకోదు. ఆ కాసేపట్లో పశువు పేడలో పడుకుంటే రోగం లోపలికి దారి దొరికినట్టే. అందుకే పాలు తీయగానే గడ్డి వేస్తే, మేస్తూ అరగంట నిలబడుతుంది. ఎంత చిన్న కిటుకు! పైసా ఖర్చు లేదు.

మొదటి దశలోనే కనిపెడితే పొదుగువాపుకు కలబంద, పసుపు, సున్నం కలిపి పూసే చికిత్సను జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ప్రచారం చేస్తోంది. పశువైద్యుడిని అడిగి దాన్ని వాడుకోవచ్చు. జబ్బు ముదిరితే మాత్రం ఇంటివైద్యంతో కాలయాపన చేయకూడదు. యాంటీబయాటిక్ చెడ్డది కాదు. అవసరమైనప్పుడు వేయించాలి, పూర్తి మోతాదు వేయించాలి, గడువు పాటించాలి.

అమ్మమ్మ చూపు, మనవరాలి చదువు

పశువు సంగతి కనిపెట్టడంలో మన పల్లెల్లో పెద్దవాళ్లను మించినవాళ్లు లేరు. నెమరు వేయడం ఆపిందా, ముట్టె ఆరిపోయిందా, చెవులు వేలాడేసిందా, పేడ పలచబడిందా... పాకలోకి అడుగుపెట్టగానే అమ్మమ్మ చెప్పేస్తుంది. ఆ చూపు ఏ పుస్తకంలోనూ దొరకదు. కానీ అమ్మమ్మ కాలంలో ఇన్ని మందులు లేవు. సీసా మీది అక్షరాలు చదవడం, తేదీలు రాసుకోవడం, థర్మామీటరు పెట్టడం మనవరాలి పని. పశువుకు మామూలుగానే 101 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి ఉంటుంది. మనిషికి జ్వరమైనది దానికి ఆరోగ్యం! ఈ సంగతి తెలియక చేత్తో ముట్టుకుని ‘జ్వరం కాస్తోంది’ అని సూది వేయించేవాళ్లూ ఉన్నారు.

ఈ రెండు విద్యలూ ఒకే పాకలో కలవాలి. పశువు పెంపకం పాఠం అంటే అమ్మమ్మను కాదని కొత్తది నేర్పడం కాదు. ఆమె చూపుకు ఒక నోటుపుస్తకం తోడు చేయడం.

అయితే పెద్దల మాటల్లో సరిదిద్దుకోవాల్సినవీ ఉన్నాయి. ‘మాయ పడేదాకా దూడకు ముర్రుపాలు తాగించకూడదు’ అన్నది అలాంటిదే. దూడ పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టాలి. రోగాలను తట్టుకునే శక్తి దానికి ఆ పాల నుంచే వస్తుంది. గంటలు గడిచేకొద్దీ దూడ పేగులు ఆ శక్తిని పీల్చుకోలేవు. ముందు దూడ కడుపు, ఆ తర్వాతే మన జున్ను.

దాణా సంగతీ అంతే. బూజు పట్టిన వేరుశనగ చెక్క, తడిసి ముక్కిన తవుడు ‘మనం ఎటూ తినం, గొడ్డుకు వేద్దాం’ అని వేస్తారు. ఆ బూజులోని విషం పశువు ఒంట్లో రూపు మార్చుకుని పాలలోకి వస్తుంది. కాచినా పోదు. గొడ్డుకు వేసింది మళ్లీ మన గ్లాసులోకే తిరిగి వస్తుందన్నమాట. పరీక్షలో 368 నమూనాలు తప్పింది దీనివల్లే. దాణా బస్తాను నేల మీద కాకుండా చెక్కల మీద పెట్టి, తడి తగలకుండా చూడటం పదేళ్ల పిల్లలు కూడా చేయగల పని.

చేపని గేదె

దూడ చనిపోతే గేదె చేపదు. పొదుగులో పాలున్నా దించదు. చచ్చిన దూడ చర్మంలో గడ్డి కుక్కి ముందు నిలబెట్టడం పాత పద్ధతి. దాని బదులు ఆక్సిటోసిన్ సూది వేయడం తర్వాత వచ్చిన అడ్డదారి. సూది పడగానే పాలు దిగుతాయి. పూటపూటా వేస్తే సూది లేనిదే చేపని స్థితి వస్తుంది. పశువు ఆరోగ్యానికి హాని చేసేలా పాల కోసం సూదులు వేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. జైలుశిక్ష కూడా పడవచ్చు.

దీనికి విరుగుడు సూదిలో లేదు, దూడను బతికించుకోవడంలో ఉంది. మగదూడ పుడితే పాలు దండగని అర్ధాకలితో ఉంచడం, నట్టల మందు తాగించకపోవడం, చలికి వదిలేయడం... ఇవన్నీ చేసి దూడను పోగొట్టుకుని, ఆ తర్వాత సూది కోసం పరుగెత్తడం ఏం లెక్క? దయ వేరు, లాభం వేరు అనుకుంటాం. పాకలో ఆ రెండూ ఒకే గుంజకు కట్టేసి ఉంటాయి. నెమ్మదిగా పలకరించి, మెడ నిమిరి, రోజూ అదే వేళకు కూర్చునే మనిషికి గేదె తేలిగ్గా చేపుతుంది. కొట్టి, తిట్టి, బెదరగొట్టే మనిషికి బిగబట్టుకుంటుంది.

రాబందులు చెప్పిన సంగతి

పశువుకు వేసిన మందు ఎంత దూరం వెళుతుందో చెప్పడానికి రాబందుల కథ ఒక్కటి చాలు. పశువులకు నొప్పి తగ్గడానికి డైక్లోఫెనాక్ సూది వేసేవారు. ఆ పశువు చనిపోతే ఊరి బయట పడేసేవారు. కళేబరాన్ని తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చనిపోయేవి. ఈ కారణం శాస్త్రవేత్తలు 2004లో బయటపెట్టేనాటికే మన ఆకాశంలో రాబందులు కనుమరుగయ్యే దశకు వచ్చాయి. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. 2023లో అదే హాని చేసే అసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్‌లను కూడా పశువులకు వాడకుండా నిషేధించారు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట మీద 2013లో రాబందుల గూళ్లు కనిపించినప్పుడు పండగలా చెప్పుకున్నది అందుకే.

ఏ రైతూ రాబందును చంపాలనుకుని సూది వేయించలేదు. తన ఎద్దు నొప్పి తగ్గాలనే వేయించాడు. మంచి మనసు ఒక్కటే సరిపోదు, మందు ఎటు పోతుందో కూడా తెలియాలి. పిల్లలకు నేర్పాల్సింది ఇదే. కోళ్ల దాణాలోనూ వాడిన కోలిస్టిన్‌ను మన ప్రభుత్వం 2019లో ఆహార పశువులకు నిషేధించింది. మనుషులకు మిగతా మందులేవీ పనిచేయనప్పుడు ఆఖరి ఆసరాగా వాడే యాంటీబయాటిక్ అది.

నేర్పేవాళ్లు ఉన్నారు

నేర్పేవాళ్లు లేక కాదు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం 2005 నుంచి ఉంది. తెలంగాణలో పి.వి.నరసింహారావు పేరిట పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. పదో తరగతి తర్వాత రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా చెప్పే పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. ఊళ్లలో గోపాలమిత్రలు, పొదుపు సంఘాల నుంచి వచ్చిన పశుసఖులు ఉన్నారు. సంచార పశువైద్య వాహనాలకు 1962 నంబరు ఉంది. కానీ డిప్లొమాలో చేరే పిల్లలు కొద్దిమంది. పాలక్యాను మోసే పిల్లలు లక్షల్లో ఉన్నారు. పాఠం చేరాల్సింది వాళ్లకు.

అది పెద్ద ఖర్చుతో కూడిన పనేం కాదు. ఊరి బడిలో నెలకో పూట, పక్కనే ఉన్న పాలకేంద్రంలో ఓ గంట, పశువైద్యుడి నోట నాలుగు మాటలు చాలు. లాక్టోమీటరు ఎలా తేలుతుందో చూపిస్తే అది సైన్సు పాఠం. లీటర్లు, వెన్న శాతం, ధర లెక్కగట్టిస్తే అది లెక్కల పాఠం. చెవికి వేసిన 12 అంకెల పోగు నంబరు కింద ఆ గేదె టీకాలు, మందులు రాయిస్తే అది తెలుగు పాఠం!

మరి పాలు ఆపిన ఇంటి నష్టం మాటేమిటి? నిజం చెప్పినవాడికి శిక్ష పడుతున్నంత కాలం నిజం బయటికి రాదు. ‘మందు వేశాం’ అని చెప్పి ఆపిన రోజులకు డెయిరీలు, సంఘాలు కొంతైనా ఆసరా ఇవ్వగలిగితే, బోనస్ లెక్కలో ఆ ఇంటిని తగ్గించకుండా ఉంటే చాలు. ఒక్క ఇంటికి ఇచ్చే ఆ కొద్దిపాటి డబ్బు కూలర్ నిండా ఉన్న పాలను కాపాడుతుంది.

నోటుపుస్తకంలో ఏం రాయాలి?

పాడి ఉన్న ఇంట్లో పిల్లలకు అప్పగించదగ్గ పని ఇది. ఓ మామూలు నోటుపుస్తకం, పాకలో గుంజకు వేలాడదీసిన పెన్ను చాలు.

పశువు చెవిపోగు నంబరు, దాని ముద్దుపేరు.

మందు వేసిన తేదీ, పూట, మందు పేరు, మోతాదు, ఎవరు వేశారు.

ఆఖరి మోతాదు నుంచి ఎన్ని రోజులు పాలు ఆపాలి, మళ్లీ ఏ తేదీ నుంచి పోయొచ్చు. గడువు తెలియకపోతే 7 రోజులు.

గాలికుంటు టీకా తేదీలు. 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకు ఈసుడు రోగం టీకా.

ఎద, చూలు, ఈత తేదీలు. ఈసుకుపోతే ఆ సంగతి వెంటనే పశువైద్యుడికి చెప్పాలి. పడిపోయిన పిండాన్ని, మాయను ఉత్త చేతులతో ముట్టుకోకూడదు. ఆ రోగం మనుషులకూ సోకుతుంది. పచ్చిపాలు తాగకూడదన్నదీ అందుకే.

మందు వేసిన గేదె కొమ్ముకో, కాలికో ఎర్రగుడ్డ కట్టాలి. పొద్దున్నే పితికే మనిషి మారినా పొరపాటు జరగదు.

ఈ పుస్తకాన్ని తనిఖీ చేయడానికి ఏ అధికారీ రాడు. పాలకేంద్రంలో చూపించమని ఎవరూ అడగరు. పట్నంలో ఆ పాలు తాగే బిడ్డ పేరు రాసే పిల్లాడికి తెలియదు, రాసే పిల్లాడి ఊరు ఆ బిడ్డ తల్లికి తెలియదు. అయినా పేజీ నిండుతూ ఉంటే, ఆ ఇంట్లో పాడితోపాటు ఓ మంచి రైతు కూడా పెరుగుతున్నట్టే లెక్క.